సొరకాయ కొయ్యలేని కత్తి

నర్సింహులపేట పక్క ఊళ్లో జగపతి కొడుకు అజిత్ ఏం పని చేస్తాడని ఎవరడిగినా ఇంట్లో ఒకటే జవాబు: "కంప్యూటర్ పని." ఆ మాట నేర్పింది అజితే. నిజానికి అతను మేడమీద గదిలో తలుపేసుకుని, వీడియో గేముల్లో వీరులు పట్టుకునే కత్తులు, డాళ్లు అచ్చుగుద్దినట్టు చేసేవాడు. హైదరాబాదులో ఆ వేషాలు కట్టి పోటీలకు పోయే కుర్రకారు అతని చేతిపని కోసం నెలల తరబడి కాచుకునేవాళ్లు. కానీ ఇంజనీరింగ్ చదివి ఆటబొమ్మలు చేస్తున్నాడని ఊరు నవ్వదూ! పనంటే ప్రాణం, చెప్పుకోవాలంటే సిగ్గు. ఇదెక్కడి తంటా అండీ!

ఆ ఏడు వానాకాలమంతా ఒకే కత్తి పనిమీద కూర్చున్నాడు. చెప్పుల అడుగుకు వేసే అట్టలాంటి ఫోమ్ షీట్లను పొరలుపొరలుగా అతికించాడు. అంచులు చాకుతో చెక్కాడు. వేడిగాలి కొట్టి వంపులు తిప్పాడు. నల్లరంగు వేసి, దానిమీద స్పాంజితో వెండిరంగు అద్దేసరికి అది ఎన్నో యుద్ధాలు చూసిన ఉక్కు కత్తిలా తేలింది. పిడిలో ఇనుపగొట్టం దూర్చి బరువు కూడా తెచ్చాడు.

దసరా ముందురోజు జగపతి ఏదో పనిమీద మేడెక్కి ఆ కత్తిని చూశాడు. కొడుకు పనిని ఎన్నడూ మెచ్చని మనిషి, రెండు చేతులా దాన్ని ఎత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"నువ్వే చేసినవారా? ఇనుమేనా?"

తండ్రి కళ్లలో అంత వెలుగు అజిత్ ఏనాడూ చూడలేదు. చెప్పుల అట్ట అని చెప్పడానికి నోరు రాలేదు.

"ఊఁ" అన్నాడు.

"బయ్యారం గుట్టల నుంచి ఇనుము తవ్వి తెచ్చి కొట్టినట్టే ఉన్నది గదరా!" అని మురుస్తూ జగపతి దాన్ని కిందికి పట్టుకుపోయాడు. పండుగ పొద్దున కొడవళ్లు, గొడ్డలి, ట్రాక్టర్ పానాల పక్కన ఆ కత్తిని కూడా పెట్టి, పసుపు పూసి బొట్టు పెట్టాడు. అప్పుడైనా నోరు విప్పాలి కదా! విప్పలేదు మహానుభావుడు. పూజ అయ్యాక ఎలాగూ పైకి తెచ్చుకోవచ్చులే అనుకున్నాడు.

జమ్మిపూజకు ముందు సొరకాయను కొట్టడం ఆ ఊరి ఆచారం. ఒక్క వేటుకే తెగాలి. ఆ వేటు తాతల నాటి నుంచి జగపతి ఇంటివాళ్లదే. సాయంత్రం డప్పులతో ఊరంతా కదిలేసరికి, పాత కత్తిని ఇంట్లో వదిలి కొత్తదాన్ని భుజాన వేసుకుని బయలుదేరాడు జగపతి. అజిత్ దారిపొడవునా తండ్రి పక్కనే నడిచాడు. ఇప్పుడు చెబుదాం, ఆ మలుపులో చెబుదాం అనుకుంటూనే జమ్మిచెట్టు దగ్గరికి చేరారు.

"చూడుండ్రి! మావోడు సొంత చేతులతోటి చేసిండు" అని కత్తిని నలుగురికీ చూపించి, జగపతి ఎత్తి వేటు వేశాడు.

సొరకాయ దొర్లి పక్కకు పోయింది. కత్తి మధ్యకు విరిగి, నాలుకలా వేలాడింది.

ఒక్క క్షణం డప్పులు కూడా ఆగాయి. తర్వాత నవ్వు లేచింది చూడండీ, పిల్లలూ పెద్దలూ ఒకటే నవ్వు. వరసకు జగపతికి అన్న అయ్యే జయపాల్ వేలాడుతున్న ముక్క పట్టుకుని వేళ్లతో నొక్కి చూశాడు.

"అరే, గిది చెప్పుల అట్టరా! అజితూ, నిజం చెప్పు బిడ్డా. గిది నువ్వు చేసిందేనా?"

అందరి కళ్లూ అతని మీదే. ఆ నవ్వులోంచి ఎలాగైనా బయటపడాలి, అంతే.

"కాదు పెద్దబాపు. ఆన్‌లైన్ల కొన్న."

జగపతి కొడుకు వంక ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. ఊరి ముందు కోతలరాయుడిగా నిలబడ్డాడు. ఎవరో ఇంకో కత్తి తెచ్చి సొరకాయ కొట్టారు.

రాత్రి జమ్మి ఆకు చేతిలో పెట్టి గుండెకు హత్తుకుని అలాయ్ బలాయ్ తీసుకోవడానికి జనం ఇంటికి వస్తున్నారు. మెట్లమీద కూర్చున్న అజిత్‌కు అంతా వినబడుతూనే ఉంది. వచ్చినవాళ్లందరితోనూ జగపతి ఒకటే మాట అంటున్నాడు.

"కొన్నదేనే. నేనే ఊకెనే గొప్పలకు పోయిన."

ప్రతిసారీ అజిత్ ముఖం మండిపోయింది. పొలంగట్ల పంచాయితీల్లో నాలుగూళ్లు నమ్మే మనిషి చేత అబద్ధమాడిస్తున్నాడు తను. ఇక తట్టుకోలేక కిందికి దిగి, అందరి మధ్యా నిలబడ్డాడు.

"అబద్ధం చెప్పింది నేను. జమ్మిచెట్టు కాడ బాపు చెప్పిందే నిజం. కత్తి నేనే చేసిన. ఉండుండ్రి, మిగిలిన ముక్కలు తెచ్చి చూపిస్త."

జయపాల్ అతని చెయ్యి పట్టి ఆపాడు.

"వద్దు బిడ్డా, సాలు. చూసినవా జగపతీ, నీ ఇజ్జత్ కోసం పోరడు కొన్నదాన్ని గూడ నేనే చేసిన అంటుండు! కొడుకంటే గిట్లుండాలె."

అక్కడున్న ఆడామగా అందరూ ఔనౌనన్నారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. ఒకరి వెనక ఒకరు వచ్చి అతని చేతిలో జమ్మి ఆకు పెట్టి, వీపు తట్టి మెచ్చుకున్నారు.