కొరడా లేని సాక్ష్యం

ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజున ఆమెను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి నెత్తిన ఎండు అంజూరాలు, గింజలు గుమ్మరించారు. ఏథెన్స్‌లో కొత్త బానిసకు ఇచ్చే స్వాగతం అదే. రాలిన పళ్ళు పాతవాళ్ళు ఏరుకు తిన్నారు. ఆమెకు దక్కింది అంతకుముందు చచ్చిపోయిన పనిమనిషి చాప, ఆ మనిషి పేరు. థ్రాట్టా. థ్రేస్ దేశపుది అని దానర్థం. ఆ పోయినావిడా థ్రాట్టాయే. తల్లి పెట్టిన పేరు జైకా. అదేమిటని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. పలకడానికి ఏ పేరైతేనేం అనుకుని, జుట్టు నెరిసేదాకా ఊరుకుంది.

యజమాని ఆర్కెబియస్ మాటకారి. భోజనాలయ్యాక మిత్రులతో ఆత్మ గురించీ సద్గుణం గురించీ చర్చ పెట్టేవాడు. ద్రాక్షసారాలో నీళ్ళు కలుపుతూ జైకా వినేది.

"మంచేదో తెలిసినవాడు చెడు చేయడు. చేశాడంటే తెలియకే చేశాడు" అనేవాడు. ఒకరోజు, "ఆత్మల్లో యజమానులూ లేరు, బానిసలూ లేరు" అన్నాడు. ఆమె చేతిలో కూజా తొణికింది. ఇన్నేళ్ళకు ఎవరో తన గురించి మాట్లాడినట్టయి తలెత్తి చూసింది.

"నీళ్ళెక్కువయ్యాయి, చూసి పొయ్యవే!" అన్నాడు ఆయన.

తొలకరి వానల్లో ఒక ఉదయం ఆమెను పొలానికి వెంటబెట్టుకెళ్ళాడు. పొరుగువాడు ఫానియస్ చేనికీ తన చేనికీ మధ్యనున్న హద్దురాయిని గునపంతో పెకలించి అవతలికి జరిపాడు. పాత గుంటలో మట్టిపోసి తొక్కింది జైకాయే. రాయి ఎత్తేముందు ఆయన అటూ ఇటూ చూశాడు. తెలియకే చేస్తే మరి అటూ ఇటూ చూడటమెందుకు? ఆ ప్రశ్న ఆమెలో ముల్లులా దిగబడింది. చెప్పుకుందామంటే ఎవరూ లేరు.

ఫానియస్ దావా వేశాడు. బజార్లో నలుగురి ముందూ సవాలు విసిరాడు: "ఆ రోజు నీ వెంట పొలానికొచ్చిన థ్రాట్టాను అప్పగించు. హింసించే చక్రానికి కట్టి అడిగితే నిజం అదే కక్కుతుంది!"

ఆ ఊళ్ళో స్వతంత్రుడి మాటకు ప్రమాణం చాలు. బానిస మాట న్యాయసభ గడప తొక్కాలంటే దెబ్బలు తిని తొక్కాలి.

ఆర్కెబియస్ తొణకలేదు. "ముసలిదాని ఒంటిమీద దెబ్బ పడనివ్వను. దానికీ ఆత్మ ఉంది" అన్నాడు. ఎంత ధర్మాత్ముడని ఊరంతా ముక్కున వేలేసుకుంది.

"రాతంటే నీదే రాత!" అంది నీళ్ళరేవు దగ్గర ఇంకో ఇంటి బానిస. "మా అయ్యనైతే గాడిదనడిగినా ఇవ్వడు గానీ, నన్ను మాత్రం అడక్కముందే తోలేస్తాడు."

అందరూ నవ్వారు. జైకా కుండ నింపుకుని, ఇంటికి కాకుండా ఫానియస్ వాకిట్లోకి నడిచింది. ప్రమాణం చేసే పౌరుల్లాగే ముందు తన పేరు చెప్పింది.

"జైకా అనే నేను చెబుతున్నానయ్యా. మా అయ్యే రాయి జరిపారు. పాత గుంట పూడ్చింది నేనే."

ఫానియస్ మొహం వెలిగింది, అంతలోనే మాడిపోయింది.

"ఇప్పుడు నువ్వు చెప్పి ఏం లాభమే? దెబ్బ తినని బానిస మాట పట్టుకెళితే సభంతా నన్ను చూసి నవ్వదూ?"

"అయితే కొట్టించండి."

"మీ అయ్య ఒప్పుకోవద్దూ? నువ్వాయన సొత్తువి. నేను చెయ్యేస్తే ఇంకో దావా వేస్తాడు."

"మరి నాకు తెలిసిందాన్ని నేనేం చేసుకోనయ్యా?"

"మోసుకుపో" అన్నాడు ఫానియస్ విసుగ్గా. "ఆ కుండతో పాటు."

మోసుకుపోయింది. ఫానియస్ దావా ఓడి, రాయి జరిగినమేర చేను పోగొట్టుకున్నాడు. గెలిచిన సంబరానికి ఆర్కెబియస్ విందు చేశాడు, మళ్ళీ సద్గుణం మీదే మాటలు నడిచాయి. ఆమె సారాలో నీళ్ళు కలిపింది. ఈసారి తలెత్తలేదు. ఆ చలికాలమే ఆమె చనిపోయింది. ఊరి గోడ బయట ఆమె సమాధి రాతిమీద 'థ్రాట్టా, మంచి మనిషి' అని చెక్కించారు. మరుసటి నెలలోనే ఇంకొక థ్రాట్టా నెత్తిన అంజూరాలు పోశారు.

ఇది చదివే ఏథెన్స్ పౌరులారా, మీలో తీర్పు చెప్పేవాళ్ళున్నారు, సభలో నోరున్నవాళ్ళున్నారు. లేవండి. బానిస నోటికి కొరడాను తాళంచెవిగా పెట్టిన ఈ చట్టాన్ని తీసేయమని అడగండి. సభ కొలువుతీరేదాకా ఆగనక్కర్లేని పని కూడా ఒకటుంది. ఇవాళే మీ ఇంట్లో నీళ్ళు మోసే మనిషిని తల్లి పెట్టిన పేరేమిటో అడగండి. ఏం చూశావో చెప్పమనండి. చెయ్యెత్తకుండా అడిగి, చెప్పింది నమ్మండి.