బీదర్‌ల పన్నెండో ఫొటో

శనివారం పొద్దుగాల ఆరున్నరకే వికారాబాద్ స్టేషన్‌ల కూసున్న. బండి ఏడున్నరకు రావాలె, ఎనిమిదింబావుకు వచ్చింది. ఎవరన్న బీదర్ పోదామనుకుంటె ముందే చెప్తున్న, ఇంట్ల చాయ్ తాగి నిమ్మళంగ బయల్దేరినా బండి మిమ్ముల ఇడిచిపెట్టి పోదు. నాకు ఇంట్ల కూసోబుద్ధి కాలే. గోడలు చూసుకుంట కూసునుడు కన్న ప్లాట్‌ఫారం మీద నలుగుర్ని చూసుకుంట కూసునుడు నయం.

సంచిల ఒక జత బట్టలు, బీపీ గోలీలు, నీళ్ల సీసా, చిన్న ఫొటోల కట్ట, కెమెరా. కెమెరా నాది కాదు, మా ఆయన సామ్యేలుది. సర్వే ఆఫీసుల డ్రాఫ్ట్స్‌మన్‌గ చేసి రిటైరైండు. సెలవు దొరికితె చాలు, కెమెరా మెడల ఏసుకొని పాత దర్వాజలు, పాత గోడలు ఎతుక్కుంట తిరిగెటోడు, నన్నూ తిప్పెటోడు. ఆయన చనిపోయి పద్నాలుగు నెలలైతుంది.

బీదర్‌ల చౌబారా దగ్గర బసవరాజప్ప అని ఒక డ్రాయింగ్ సారున్నడు. ఆయన గూడ రిటైరే. తన పాత ఇంట్ల ముందటి రెండు అర్రలు ఖాళీ చేయించి, తెల్లగ సున్నమేయించి, బొమ్మలు, ఫొటోలు పెట్టె జాగ చేసిండు. బీదర్ గల్లీల ఫొటోలు పన్నెండు ఇస్తనని మా ఆయన మాటిచ్చి, పదకొండు ఇచ్చి పోయిండు. ఆదివారం పదింటికి వాటిని జనానికి చూపెట్టుడు. "పదకొండే పెడ్తనమ్మా, ఏం ఫరక్ పడదు" అని బసవరాజప్ప ఫోన్‌ల అన్నడు. ఆయనకు పడదు, నాకు పడ్తది. ముప్పై రెండేండ్ల కాపురంల ఆ మనిషి మాట తప్పంగ నేను చూడలే. "ఇంకోటి ఇంట్ల దొరికిందన్నా, ప్రింటు ఏయించి శనివారం సాయంత్రం తెస్త" అని అనేసిన.

పెట్టెలన్ని ఎతికినా బీదర్‌ది ఇంకోటి ఏం దొరకలే. వట్టి అబద్ధం. బీదర్ పోయి నేనే ఒకటి తీసి, ఆయనదే అని చేతుల పెడ్దామనుకున్న. ఎవరు గుర్తువడ్తరు? అప్పటిదాంక నేను కెమెరా ఒక్కసారి గూడ నొక్కలే. మా సందు చివర స్టూడియో ఆయన దగ్గర పావుగంట నేర్చుకున్న. ఇది ఆన్, ఇదిట్ల తిప్పితె సాఫ్, ఇది నొక్కుడు. జూమ్ లేని లెన్సమ్మా, పెద్దగ కావాల్నంటె ముందుకు నడువు, చిన్నగ కావాల్నంటె ఎనకకు నడువు అన్నడు. గంతే నా చదువు.

మర్పల్లి దాటినంక నా ఎదురుంగ ఒకామె కూసున్నది. బీదర్ పక్కన చిమ్కోడ్ ఊరట, బిడ్డ కాన్పుకు పోయి తిరిగి పోతాంది. కొహీర్‌ల జామకాయలు కొని నాకు ఒకటి పెట్టింది.

"ఒక్కదానివే పోతున్నవా అక్కా?"

"ఒక్కదాన్నే."

"మెడల అదేంది, కెమెరానా? ఎవల ఫొటో తీస్తవ్?"

"గోడలయి."

"గోడలు యాడికి పోతయక్కా!" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. పదిన్నరకు బీదర్‌ల దిగినంక ఆమె కొడుకు మోటర్ సైకిల్ తెచ్చి నిలబడ్డడు, ఆమె ఎక్కి పోయింది. చెయ్యి గూడ ఊపింది పాపం. నేను ఆటో మాట్లాడుకొని చౌబారా పోయిన.

చౌబారా అంటె ఊరి నడుమ నిలబడ్డ గుండ్రటి పాత బురుజు, నాలుగు తోవలు అక్కడ కలుస్తయ్. ఆ తోవల పక్కన బిద్రి దుకాణాలు, నల్లటి గిన్నెల మీద ఎండి తీగ పువ్వులు మెరుస్తుంటయ్. ఇడ్లి తిని, చాయ్ తాగి బసవరాజప్ప ఇంటికి పోయిన. "ఊట ఆయ్తా అమ్మా?" అని అడిగిండు. తిన్నవా అని అర్థం. మా పెద్దమ్మది ఈ దిక్కు కమఠాణ ఊరు కాబట్టి ఆ నాలుగు కన్నడ ముక్కలు నాకొస్తయ్.

లోపల పదకొండు ఫ్రేములు గోడకున్నయ్. పన్నెండో జాగల మొల ఒక్కటే ఉన్నది. "ప్రింటు ఏయించుడు బాకీ ఉన్నదన్నా" అన్న. "సాయంత్రం ఆరింటిలోపల తేండ్రి, ఫ్రేముల పెట్టాలె" అన్నడు పాపం, ఏం అనుమానం లేకుండ.

ముందుగాల సుల్తాన్ల కాలపు మదర్సాకు పోయిన. ఇరిగిన గోడలు, ఒక మినార్, దాని మీద అక్కడక్కడ మిగిలిన నీలం పెంకులు. కండ్లకు ఎంత మంచిగున్నది! పది ఫొటోలు నొక్కి తెర మీద చూసుకున్న. అంత పెద్ద మినార్ నూనె సీసా లెక్క కనిపించింది. అక్కడికెల్లి కోటకు నడిచిన. ఎండాకాలం పోవాల్నంటె నెత్తికి తువ్వాల, నీళ్లు తప్పకుండ పెట్టుకోండ్రి, లోపల చాన నడువాలె. రంగీన్ మహల్‌కు తాళమున్నది, అక్కడి సిబ్బందిని అడిగితె తీసి చూపెట్టిండ్రు. దర్వాజ చుట్టు నల్లరాయిల ముత్యపు చిప్ప ముక్కలు పొదిగిండ్రు. అదీ తీసిన. తెర మీద చూస్తె ఆ దర్వాజ అల్మారా తలుపంత గూడ కనిపిస్తలేదు.

అప్పుడు సమజైంది. సర్వేల గోడ పక్కన కొలకర్ర పెట్టి ఫొటో తీస్తరు, ఎంతెత్తున్నదో తెలువాలెనని. మా ఆయనకు కొలకర్ర నేనే. "సుగుణా, జర ఆ గుమ్మం కాడ నిలబడు" అనెటోడు. ఊర్లె కొలకర్రలు దొరుకుతలేవా అని నేను తిట్టుకుంటనే నిలబడెటిదాన్ని. ఇప్పుడు నేను కెమెరా ఎనక ఉన్న, మరి గుమ్మం కాడ ఎవరు నిలబడ్తరు?

ఒక కుటుంబం వస్తుంటె సిగ్గిడిచి అడిగిన. "బాబూ, జర ఆ తలుపు కాడ నిలబడ్తరా?" ఆయన, "ఫొటోనా ఆంటీ?" అని నా చేతిల తన ఫోన్ పెట్టిండు. అయిదుగురు వరుసగ నిలబడి నవ్విండ్రు. మూడు తీసిన. థాంక్యూ అని ఫోన్ గుంజుకొని పోయిండ్రు. నేను రెండు చేతులు ఖాళీగ పెట్టుకొని ఆడనే ఉన్న. ఏడుపు, నవ్వు రెండూ ఒక్కసారె వచ్చినయ్.

ఒంటిగంటకు ఖానావళిల జొన్నరొట్టె, వంకాయ కూర తిన్న. రొట్టె మంచిగున్నది, తప్పకుండ తినుండ్రి. నలుగురు కూసునె బల్ల మీద ఒక్కదాన్నే కూసున్న. వడ్డించెటాయన రెండుసార్లు వచ్చి "ఇంకెవరన్న వస్తరా?" అని అడిగిండు. రెండోసారికి నాకు కోపమొచ్చింది. ఎవరూ రారని జర గట్టిగనే చెప్పిన. ఆయన తప్పేమున్నది, అవతల గిరాకీ నిలబడి ఉన్నరు.

రెండున్నరైంది. చేతిల ఫొటో లేదు. సంచిలకెల్లి మా ఆయన పదకొండు ఫొటోల చిన్న కాపీలు తీసి చూసుకున్న. మూడో దాంట్ల ఒక రాతి కమాన్, పాత హవేలి దర్వాజది. కమాన్ కింద నేను, చేతిల సంచి, మొకంల చిరాకు. ఆ కమాన్ చౌబారా ఎనక గల్లీల ఉన్నదని గుర్తున్నది. ఆయన అంత మంచిగ ఎట్ల తీసిండో, ఆడికే పోయి చూస్తె తెలుస్తది కద అనుకున్న.

కమాన్ దొరికింది. నేను నిలబడ్డ జాగ కండ్లు మూసుకొని గూడ చెప్త, ఎడమ దిక్కు రాయి ఒకటి అరిగి ఉంటది. ఆయన ఏడ నిలబడ్డడో మాత్రం నాకు తెల్వదు. నేనెన్నడు ఆ దిక్కు పోయి చూడలే. కెమెరాల చూస్తె కమాన్ సగమే పట్టింది. ఎనకకు నడిచిన. ఇంకా పట్టలే. చిన్న ఫొటో ఒక చేతిల, కెమెరా ఒక చేతిల, అడుగడుగు చూసుకుంట ఎనకకు పోతుంటె మురికినీళ్ల మోరీ అడ్డమొచ్చింది. దాన్నీ దాటిన. దాటినంక ఒక బిద్రి కార్ఖానా, దాని ముందట రాతి మెట్టు. మెట్టెక్కితె కమాన్ మొత్తం పట్టింది. ఫొటోలున్న పగుళ్లు, పైన గూడు, అంతా గీతకు గీత కలిసింది.

లోపల ఒక ముసలాయన తీగ కొట్టుకుంట కూసున్నడు. సుత్తె ఆపి నన్ను చూసిండు. "అమ్మా, మీకూ ఆ మెట్టే కావాల్నా? ఒక సాబ్ ఉండె, టోపీ పెట్టుకొని ఆడనే నిలబడెటోడు. లోపల నీడకు రమ్మంటె రాకపోయేది. ఈ మధ్య వస్తలేడు."

"ఇగ రాడు భాయ్" అన్న.

ఆయన నోట్లె ఏదో దువా చదివి మల్ల సుత్తె అందుకున్నడు.

మెట్టు మీద ఎండ మాడ్తుంది. చెప్పులకెల్లి కాలు కాలుతున్నది, చెమట కంట్ల వడి కెమెరాల మసక మసక అయితుంది. ఎదురుంగ కమాన్ కింద మాత్రం సల్లటి నీడ. అప్పుడు తట్టింది. మోరీ గోడ మీద కూసోని పదకొండు ఫొటోలు ఒక్కొక్కటి మల్ల చూసిన. ఒక్కదాంట్ల గూడ నా మొకం మీద ఎండ లేదు. కమాన్ కిందనో, దర్వాజ లోపలనో, గోడ నీడలనో, అన్నిట్ల నీడలనే ఉన్న. ముప్పై రెండేండ్లు "నన్ను ఎండకు సంపుతున్నవ్" అని ఆయన పానం తిన్న. ఒక్కనాడు గూడ "ఎండల నేనున్ననే" అని ఆయన తిరిగి అనలే. అంటె ఏం పోయేది? ఆయన మీద కోపమొచ్చింది, నా మీద అంతకన్న ఎక్కువ వచ్చింది. చీర కొంగు నోట్లె పెట్టుకొని గల్లీలనే ఏడ్చిన.

మూడున్నరకు మల్ల మెట్టెక్కి నొక్కిన. ఒక్కటే తీసిన. ఖాళీ కమాన్, నీడ, అరిగిన రాయి. తెర మీద చూస్తె అచ్చం ఆయన తీసినట్టే ఉన్నది. సంబరమైంది. స్టూడియోల ప్రింటు ఏయించి అయిదున్నరకు బసవరాజప్ప చేతుల పెట్టిన. "ఇదే అన్నా, ఆయనది, పన్నెండోది."

ఆయన అద్దాలు పెట్టుకొని చూసిండు. కిటికీ కాడికి పోయి మల్ల చూసిండు. "మంచిగున్నదమ్మా. కని ఇది సామ్యేలు సారు తీసింది కాదు."

నేను ఒప్పుకోలే. "ఎందుకంటరు? ఆ జాగనే, ఆ కెమెరానే."

బసవరాజప్ప గోడ మీది పదకొండు ఫొటోల దిక్కు చెయ్యి చూపెట్టిండు. నేను వరుసగ చూసిన. ఒకటి, రెండు, మూడు. పన్నెండో మొల దాంక రాకముందే తల దించుకున్న. ఆయన తీసి ఉంటె నేనుండేదాన్ని.

"తప్పైందన్నా. నేను తీసిన. ఆయన మాట పోవద్దని" అన్న. బసవరాజప్ప నన్ను కూసోవెట్టి నీళ్లిచ్చిండు. జరసేపటికి చిన్న అట్ట ముక్క, పెన్ను తెచ్చి ముందట పెట్టిండు. ఫొటో కింద పేరు రాయాలె గద. నా పేరు నేను రాసుకున్న, సుగుణ అని. అక్షరాలు వంకర పోయినయ్. ఇంకోటి రాస్తనంటె ఇదే ఉండనీ అన్నడు. మూడో ఫొటో పక్కన పెడ్తనన్నడు, నేనొద్దన్న. ఆఖరి మొలకే తగిలేసిండు.

ఉండుడు గురించి ఒక మాట. బస్టాండ్ దగ్గర ఒక లాడ్జిల "ఎంబడి ఎవరున్నరు?" అని అడిగి, ఎవరూ లేరంటె రూము ఇయ్యలే. ఆడోళ్లు ఒంటరిగ పోతె ముందుగాలనే ఫోన్ చేసి అడుగుండ్రి. నేను చర్చి గెస్టుహౌస్‌ల పన్న. మంచం సాఫ్‌గున్నది, పక్క మంచం ఖాళీగున్నది.

ఆదివారం పదింటికి ఇరవై ముప్పై మంది వచ్చిండ్రు. కాలేజి పోరగాండ్లు, బిద్రి పనోళ్లు, నాలుగు పాత కుటుంబాలు. కార్ఖానా ముసలాయన గూడ తెల్లటి టోపీ పెట్టుకొని వచ్చి, తన మెట్టు మీదికెల్లి తీసిన రెండు ఫొటోలు చూసి, ఎవరితోని మాట్లాడకుండ పోయిండు. ఒకామె ఫొటోల ఉన్న మొకం, నా మొకం చూసి "మీరేనా!" అన్నది. నేనే అన్న. నా పన్నెండోది కాడ ఎవరూ ఎక్కువసేపు ఆగలే, నేను ఒక్కదాన్నే ఆగిన.

రెండు గంటల బండికి తిరుగు బయల్దేరిన. మెట్లకుంట, జహీరాబాద్, కొహీర్ ఎనకకు పోయినయ్. బీదర్ ఎట్లున్నదంటె చాన బాగున్నది, పోయి చూడుండ్రి. గల్లీలు పొద్దుగాల మంచిగుంటయ్, కోటకు సగం దినం పెట్టుకోండ్రి. ఫొటోలు తీసెటోళ్లతోని తిరిగెటోళ్లకు మాత్రం ఒకటి చెప్పాలె. ఒక్కసారన్న కెమెరా ఇటియ్యి అని అడుగుండ్రి. మా ఇంట్ల మూడు ట్రంకు పెట్టెల నిండ ఫొటోలున్నయ్, అన్నిట్ల నేనే. ఆయన పోయిన నాడు దండ ఏద్దామని చూస్తె ఆయనది ఒక్కటి దొరకలే, ఆఫీసు కార్డు మీది గోరంత ఫొటోనే పెద్దగ చేయించి పెట్టినం. దాంట్ల ఆయన కండ్లు మసకగున్నయ్.