జానెడు ఇంగ్లీషు

ఇప్పటి పిల్లలు వ్యాసం రాయమంటే ఎన్ని పేజీలని అడుగుతారు. ఆ రోజుల్లో తమిళనాట గుడియాత్తంలో మా ఇంట్లో ఇంగ్లీషును జానతోనూ బెత్తతోనూ కొలిచేవాళ్ళం. నవ్వకండి, ప్లస్ టూ ఇంగ్లీషులో ఒకసారి తప్పినదానికి ఏ కొలతైనా గౌరవమే! మళ్ళీ తప్పితే చదువు మానిపించి రాట్నం ముందు కూచోబెడతానని అమ్మ తేల్చి చెప్పేసింది. (అమ్మ మాటకు నాయన కూడా ఎదురు చెప్పడు.) వేలూరు కాలేజీలో చేరాలన్న నా ఆశంతా గైడులోని ఒక్క వ్యాసం మీదే ఉంది. చచ్చిపోయిన గుర్రానికి రోజూ పొద్దున్నే గడ్డి వేసే ముసలాడి పద్యం మీద విమర్శ అది. మగ్గం పక్కన కూర్చుని దాన్ని గట్టిగా వల్లించేదాన్ని.

నాయన లుంగీలు నేస్తూ వినేవాడు. ఆయనకు తెలుగు మాటే గానీ అక్షరం రాదు, అరవం కూడబలుక్కుంటాడు, ఇంగ్లీషు సంగతి అడగనే వద్దు. అయినా ఒకరోజు, "పాపా, నీది సరిగ్గా ఉండాదో లేదో నేను చూస్తా. ముందు పుస్తకం చూసి చదువు" అన్నాడు. నేను మొదలుపెట్టగానే అడ్డంగా ఒక ఎర్రపోగు వేశాడు, ముగించగానే ఇంకొకటి వేశాడు. మధ్యలో జానెడు గుడ్డ వచ్చింది. ఆ రోజు నుంచి పుస్తకం మూసి వల్లిస్తే చెయ్యి పెట్టి కొలిచేవాడు. "బెత్తెడే వచ్చినాది. మిగతాది యాడ మింగినావు తల్లీ?" అనేవాడు. సాగదీస్తే జాన దాటేది. "సొంత సరుకు కలిపినట్టుండావే!" అని నవ్వేవాడు. ప్రతిసారీ ఆయన చెప్పింది నిజమే కాబట్టి నాకు ఒళ్ళు మండేది. "ఇంతకీ దాని అర్థమేంది పాపా?" అని ఒకసారి అడిగాడు. "అది పరీక్షకు అక్కర్లేదు నాయనా" అనేశాను.

ఆ లుంగీని షావుకారు తోసేశాడు. "ఎన్నప్పా ఇది, గళ్ళ మధ్యలో ఈ ఎర్రగీతలేంది?" అన్నాడట. "అది మా పాప ఇంగ్లీషు సామీ" అని నాయన గొప్పగా చెప్పి, దాన్ని ఇంటికి తెచ్చి తనే కట్టుకున్నాడు.

వేలూరులో పరీక్ష హాలు నిశ్శబ్దంగా ఉంది. ప్రశ్న వచ్చింది, జవాబు రాలేదు. మగ్గం చప్పుడు లేకుండా మొదటి వాక్యం కూడా తోచలేదు. ఏడుపు ముంచుకొచ్చి, చివరికి బెంచీ కింద చెప్పులు విడిచి, మగ్గం తొక్కినట్టు కాలు మార్చి కాలు తొక్కడం మొదలుపెట్టాను. మాటలు వాటంతటవే కదిలొచ్చాయి. కాపలా మేడం వంగి, "బాత్‌రూంకు పోవాలా మా?" అని గుసగుసలాడింది. (జానెడు పూర్తయ్యేదాకా నేను లేస్తానా!) అత్తెసరు మార్కులతో గట్టెక్కాను.

ఇప్పుడు అదే వేలూరులో కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు పద్యాలు చెబుతున్నాను. బట్టీ పట్టొద్దని నీతులు కూడా చెబుతుంటాను. నాయన పోయాక ఆ లుంగీ నా బీరువాలోకి వచ్చింది. మొన్న ఆయన మీద బెంగ పట్టలేక దాన్ని తీసి, మొదటి ఎర్రపోగు మీద వేలు పెట్టి, మెల్లగా జరుపుతూ వ్యాసం అందుకున్నాను. బెత్తెడు కూడా రాకముందే మర్చిపోయాను. యాడ మింగినావని అడిగేవాడు లేడు. కళ్ళు తుడుచుకుని, గుర్రం లేదని తెలిసీ ఆ ముసలాడు గడ్డి ఎందుకు వేస్తాడో నాయనకు తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. వేలు రెండో ఎర్రపోగు దాటి ఇంకో బెత్తెడు పోయింది. అంతా సొంత సరుకే నాయనా.