కార్తీకమాసంలో మామిడి సొన

నా చిన్నప్పుడు మా నూజివీడు పక్క పల్లెలో ఎవరి ఒంటిమీద ఏం లేచినా మామిడి సొనే కారణం. మా తోట సొన బొట్టు పడితే గునపానికి కూడా బొబ్బలెక్కేవని నేను చెబితే ఎవరూ నమ్మరు. మా పెదనాన్న ఏం చెప్పినా నమ్మేవారు. సొంత తోటలో పూత ఎందుకు మాడుతోందో తెలియని ఆ మహానుభావుడు, ఊరి పిల్లలందరి రోగాలూ అరుగు దిగకుండానే తేల్చేసేవాడు.

నా కనురెప్పలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. వేళ్ళ కణుపుల మీద ఎర్రటి దద్దులు లేచాయి. "సొన కొట్టిందిలే, కొబ్బరినూనె రాయండి" అన్నాడు పెదనాన్న. అప్పుడు కార్తీకమాసం. చెట్టు మీద పిందె కూడా లేదు. అయినా అమ్మ నూనె గిన్నె తెచ్చింది.

తరవాత మెట్లెక్కలేకపోయాను. తల దువ్వుకోబోతే చెయ్యి పైకి లేచేది కాదు. "బద్ధకం. నాలుగు తగిలిస్తే అదే లేస్తుంది" అన్నాడు పెదనాన్న. అమ్మ చింతబరికె అందుకుంది కూడా.

అప్పుడు మా తాతయ్య అడ్డొచ్చి, నన్నూ పెదనాన్న కొడుకునీ నేలమీద కూర్చోబెట్టి, ఎదురుగా అరచేయంత మామిడి తాండ్ర పెట్టాడు. చెయ్యి నేలకు ఆనించకుండా ముందు లేచినవాడికి మొత్తం ఇచ్చేస్తానన్నాడు. తాండ్ర కోసం నేను దేవుడి గదినైనా దోచేస్తానని ఇంటిల్లిపాదికీ తెలుసు. వాడు చటుక్కున లేచాడు. నేను పక్కకు దొర్లి, మోకాళ్ళమీద చేతులూని, నా ఒంటిమీదికి నేనే ఎగబాకుతున్నట్టు లేవబోయి కూలబడ్డాను.

తాతయ్య నవ్వలేదు. "ఒరేయ్ పెద్దోడా, వీడు తాండ్రని వదిలేశాడంటే అది బద్ధకం కాదురా. ఒంట్లో సత్తువ లేదు."

"సొనే నాన్నా..."

"నీ నోట్లో పొయ్యా ఆ సొన! బెజవాడ తీసుకెళ్దాం, పద."

అక్కడి పిల్లల డాక్టరు గారు రెప్పలూ కణుపులూ చూసి, రక్తపరీక్ష చేయించి, ఇది చర్మాన్నీ కండరాల్నీ కలిపి పట్టే జబ్బన్నారు. మనల్ని కాపాడాల్సిన ఒళ్ళే మనమీద తిరగబడుతుందట. అంటుకోదట. స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా ఆపొద్దనీ, ఎండ తగలనివ్వొద్దనీ, చెప్పిన వ్యాయామం రోజూ చేయించమనీ అన్నారు.

మాత్రలకు నా బుగ్గలు బంగినపల్లి కాయల్లా ఉబ్బాయి. "విషం మింగిస్తున్నారు, ఆపేయండి" అంటూ పెదనాన్న మళ్ళీ తయారు. ఈసారి అమ్మ ఆయన మొహం మీదే తలుపేసింది. నేను మళ్ళీ చెట్టెక్కడానికి రెండు కాపులు పట్టింది.

ఇప్పటికీ నిండు చేతుల చొక్కా లేకుండా తోటలో అడుగుపెట్టను. అరుగు వైద్యులూ ఎక్కడికీ పోలేదు, ఫోన్లలోకి మారారంతే. వాళ్ళతో వాదించను. ఎవరైనా ఒక బిడ్డను బద్ధకపు మొద్దు అంటే మాత్రం, ఆ బిడ్డకు అన్నిటికన్నా ఇష్టమైనదేంటో కనుక్కుని, ముందు అది తెచ్చి ఎదురుగా పెడతాను.