నాయిన తలరుమాలు జారిన సినిమా

ఇయ్యాల ఒక సినిమా రివ్యూ చదివి మస్తు కోపమొచ్చింది. రివ్యూ పాతదే, తెలుగు చదువుడే నాకు కొత్త. బీదర్‌ల మేమంతా కన్నడ బడికి పోయినోళ్లం. ఇంట్ల మాట్లాడేది తెలుగైనా అక్షరాలు రాకపోతుండె. గందుకే చిన్నప్పుడు ఆ కామెడీ సినిమాను పేపరోళ్లు తిట్టిండ్రని మాకు తెల్వదు. మా ఊరు కమఠాణ నుంచి ఇంటిల్లిపాది టెంపోల పోయి చూసినం. హాలు ఖాళీగుంటే, వానకు జనం రాలేదనుకున్నం. నవ్వి నవ్వి నాయిన తలరుమాలు జారి కింద పడ్డది, ఆయనకు సోయే లేదు. ఇప్పటికీ నాకు గంత ఇష్టమైన సినిమా ఇంకోటి లేదు.

సాయంత్రం పల్లీలు ఒలుస్తున్న అక్కకు ఆ రివ్యూ కూడబలుక్కుంట చదివి వినిపిచ్చిన. "ఒక్కచోట కూడా నవ్వు రాదు" అని రాసి ఉన్నది.

"ఎంత మాటన్నడు చూడక్కా!" అన్న.

అక్క చేతిల ఉన్న పల్లీలు గిన్నెల ఏసింది.

"పాపం, ఆయన సినిమాకు ఒక్కడే పోయినట్టున్నడు రా" అన్నది.

నా కోపం ఆడనే దిగిపోయింది.

మీకు నచ్చిన ఫ్లాప్ సినిమా ఏదో చెప్పుండ్రి. కాకపోతే, ఎవలతోని చూసిండ్రో గది ముందు చెప్పుండ్రి.