వాన పడే పందిరి

మొన్న ఇక్కడ జర్మనీలో, మేముండే హానోవర్‌లోనే ఒక తెలుగువాళ్ల గృహప్రవేశానికి వెళ్తే, ఇంటాయన చేతిలో ప్రసాదం పెట్టి పైకప్పు గురించి అరగంట చెప్పాడు. చుక్క నీరు దిగదట. "అంతా నేనే దగ్గరుండి చూసుకున్నా అక్కా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నేను చూసిన గొప్ప కప్పు కరోనా మొదటి ఏడాది మా అపార్ట్‌మెంట్ పెరట్లో లేచింది. దాన్నిండా కంతలే.

మా కింది వాటాలో ఒంటరిగా ఒక యూదు పెద్దాయన ఉండేవాడు. ఆ వసంతంలో కరోనాతో ఆసుపత్రికి పోయి, ఇక రాడనుకున్న మనిషి కర్ర పట్టుకుని తిరిగొచ్చాడు. ఆకులు రాలే రోజుల్లో వాళ్లకొక పండగ. ఎడారిలో తాత్కాలిక గుడిసెల్లో బతికిన పూర్వీకులను తలుచుకుంటూ, ఆరుబయట కొమ్మల పందిరి వేసుకుని అందులో భోంచేస్తారు. ఈ ఏడు ఆ పందిట్లో కూర్చుని, బతికించినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవాలన్నదే ఆసుపత్రి మంచం మీద ఆయన కోరిక. మా బిల్డింగ్ మేనేజరేమో పెరట్లో ఏ కట్టడమూ కుదరదన్నాడు. పెద్దాయన తలూపి వచ్చేశాడు. నేను ఊరుకుంటానా?

"పిల్లలు ఎగిరే ట్రాంపొలిన్‌కు ఏడాదంతా చోటుంది, వారం రోజుల పందిరికి లేదా?" అని మేనేజరును మెట్ల దగ్గరే నిలేశాను. నా జర్మన్‌లో మాట ముందు పెట్టే డెర్, డీ, డాస్ అన్నీ తప్పులే. కోపంలో మాత్రం ఒక్క తప్పూ లేదు. మా ఆయన చెయ్యి గుంజాడు. "ఏందే నీ లొల్లి? రేపు మనల్నే ఖాళీ చేయమంటే?"

"అననీ. దానికీ కొట్లాడ్త."

చివరికి మేనేజరు మాస్కు వెనక నుంచే నిట్టూర్చి ఒప్పుకున్నాడు.

కొమ్మలు కప్పింది మా ఆయనే. పెళ్లిపందిళ్లు చూసి పెరిగిన మనిషి కదా, మబ్బు పట్టగానే పైన నీలం టార్పాలిన్ పరిచి తాళ్లతో బిగించాడు. పెద్దాయన కిందినుంచి చూసి కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. "తీసేయండి! లోపల కూర్చుంటే ఆకాశంలో చుక్కలు కనబడాలి. గట్టి కప్పు కింద మనిషికి తనను తానే కాపాడుకుంటున్నానన్న భ్రమ కలుగుతుంది."

సాయంత్రం సన్నగా వాన మొదలైంది. ఎడంగా వేసిన బల్ల దగ్గర మేము, పందిట్లో ఆయన. "వాన సూపు పాడుచేస్తే లోపలికి పోవచ్చని మా పెద్దలు సెలవిచ్చారు. ఈ ఏడు ఆ సెలవు నాకొద్దు" అంటూ కళ్లు మూసుకుని హీబ్రూలో ఏదో చదివాడు. తర్వాత నర్సులకు, మా ఆయనకు, నాకు, ఆఖరున మేనేజరుకు పేరుపేరునా థాంక్స్ చెప్పాడు.

నాకు మండింది. "ఆయనకెందుకు? గెలిచింది నేనైతే!"

"గెలిచినవాళ్లకు గెలుపుంది. ఒప్పుకున్నవాడికేముంది?" అన్నాడు పెద్దాయన.

నేనే ఒక గిన్నెలో సూపు పోసుకుని, ఎదురింట్లోనే ఉండే మేనేజరు గుమ్మంలో పెట్టి, దూరం జరిగి "డాంకే" అని వాళ్ల భాషలోనే థాంక్స్ చెప్పాను. మళ్లీ పోట్లాటకొచ్చాననుకున్నాడు పాపం. తీరా విషయం తెలిసి గొడుగేసుకుని నా వెంట పందిరి దాకా వచ్చి, గొడుగు మూసి, తడుస్తూ నిలబడ్డాడు. పందిట్లోంచి పెద్దాయన గ్లాసు పైకెత్తాడు, రాజులాగా.

ఆ ఏడాదంతా ఈ కాలం ఎప్పుడు పోతుందా అని తిట్టుకుంటూ గడిపాం. ఆ ఒక్క సాయంత్రాన్ని మాత్రం ఇంకాసేపు ఉండమని బతిమాలుకున్నాం.