ఆన్‌సైట్ ట్రావెల్ కాదనుకున్నాను

సింగపూర్‌లో ఆఫీసు నుంచి వస్తూ యూ టీ మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే పిక్కలు పట్టేశాయి. రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయాను. ఇంటికి చేరేసరికి చలి, కళ్ల వెనక నొప్పి. మా ఆవిడ సుభద్ర దుప్పటి కప్పుతూ, "తిండి లేదు, నిద్ర లేదు, ఒళ్లెలా ఆగుద్దండీ?" అంది. నాకూ అంతే అనిపించింది. అప్పట్లో సైన్స్ పార్క్‌లో మా కంపెనీకి ప్రాజెక్టులు వరసగా వచ్చిపడుతుండేవి. ఒంట్లో బాగోలేదని చెప్పడానికి కూడా తీరిక ఉండేది కాదు.

క్లినిక్‌లో వైరల్ ఫీవర్ అని పారాసిటమాల్ ఇచ్చారు. మూడో రోజుకు వాంతులు. నన్ను హాస్పిటల్‌లో దింపి, సుభద్ర పాపను స్కూల్ నుంచి తేవడానికి వెళ్లింది. బ్లడ్ టెస్ట్‌లో ప్లేట్‌లెట్స్ తక్కువ. ఇక్కడ అలా ఉంటే ముందు డెంగ్యూ అనుకుంటారు. డ్యూటీ డాక్టర్ ఫారం నింపుతూ, "ఎనీ ట్రావెల్ ఇన్ ద లాస్ట్ మంత్?" అని అడిగాడు.

"నో," అన్నాను.

అబద్ధం చెప్పాలని కాదు. మా లెక్కలో ట్రావెల్ అంటే సెలవు పెట్టి ఇండియా వెళ్లడం. కంపెనీ పంపితే అది ఆన్‌సైట్. ఓ బ్యాంకు సాఫ్ట్‌వేర్ పని మీద ఘానా వెళ్లి, రాజధాని ఆక్రా నుంచి తిరిగొచ్చి రెండు వారాలు కూడా కాలేదు. ఆయన అడుగుతున్నది దాని గురించేనని నా బుర్రకు తట్టలేదు.

డెంగ్యూ నెగటివ్ వచ్చింది. అయినా మళ్లీ చేసి చూద్దామన్నారు. ఇంకో రెండు రోజులు గడిచేసరికి కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం దాదాపు ఆగిపోయింది. "క్రియాటినిన్ ఈజ్ గోయింగ్ అప్. వీ మే నీడ్ డయాలిసిస్," అన్నారు. కిడ్నీలు దెబ్బతింటున్నాయన్నమాట. పాపకు నాలుగేళ్లు. చచ్చిపోతానేమోనని భయం వేసింది. ఆ మాట సుభద్రకు చెప్పలేకపోయాను.

ఆ మధ్యాహ్నం సీనియర్ డాక్టరమ్మ వచ్చింది. నన్ను వదిలేసి సుభద్రను అడిగింది, నెలంతా ఈయన ఇక్కడే ఉన్నారా అని.

"నో డాక్టర్, హీ వాజ్ ఆన్‌సైట్. ఆక్రా. అక్కడ వరదలొచ్చాయి కదండీ, చెప్పలేదా?" సగం ఆవిడతో, సగం నాతో అంది.

అప్పుడు చెప్పాను. ఆక్రాలో ఆ రోజు ఉదయం నుంచి వాన. మురుగు కాలువ పొంగి వీధిలో మోకాలి లోతు నీళ్లు, బ్యాంకు కింది అంతస్తులోకి వచ్చేస్తున్నాయి. అక్కడ మాతో పనిచేసే క్వామె, "డోంట్ గో, సర్. దిస్ వాటర్ ఈజ్ నాట్ క్లీన్ ఓ," అన్నాడు వాళ్ల యాసలో. నేను వినలేదు. బ్యాంకు లెక్కలన్నీ ఉన్న బ్యాకప్ టేపుల పెట్టె నెత్తిన పెట్టుకుని ఎదుటి బిల్డింగ్‌కి నాలుగుసార్లు తిరిగాను. నేను దిగాక పాపం అతనూ దిగాడు. కొత్త బూట్లు కరిచి నా మడమలు పుండ్లుగా ఉన్నాయి. చుట్టూ జనం కొట్టుకుపోతున్న పరుపులు, పొయ్యిలు పట్టుకోవాలని చూస్తున్నారు. నాకు టేపులే కనిపించాయి. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"లెప్టోస్పైరోసిస్," అంది డాక్టరమ్మ. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి పుండ్ల గుండా ఎక్కుతుందట. మలేరియాకూ టెస్ట్ పంపింది, అది లేదని తేలింది. లెప్టో రిపోర్ట్ కోసం ఆగకుండా ఐవీ యాంటీబయాటిక్ మొదలుపెట్టించింది; తర్వాత రిపోర్టులోనూ అదేనని వచ్చింది. "యూ షుడ్ హావ్ టోల్డ్ అస్ ఆన్ డే వన్," అంది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

మెడ పక్కన గొట్టం పెట్టి మూడుసార్లు డయాలిసిస్ చేశారు. మూత్రం వస్తోంది, ఇక ఇంటికే అనుకుంటుండగా ఆయాసం పట్టుకుంది, ఊపిరితిత్తుల్లో నీరు. ఆక్సిజన్ పెట్టారు, కథ మళ్లీ మొదటికొచ్చింది. నెల తర్వాత ఇంటికొచ్చాను. లిఫ్ట్ నుంచి మా తలుపు దాకా నడవడానికి రెండుసార్లు ఆగాను.

ఇప్పుడు పని చేసుకుంటున్నాను. సాయంత్రానికి ఒళ్లు తేలిపోతుంది. ఆరు నెలలకోసారి క్రియాటినిన్ చూపించుకుంటాను, అది మునుపటి స్థాయికి రాలేదు. రాదన్నారు.

కోలుకున్నాక క్వామెకు మెయిల్ రాశాను. అతనికీ అదే వారంలో జ్వరం వచ్చిందట. క్లినిక్‌లో అడుగు పెడుతూనే వరద నీళ్లలో నడిచానని చెప్పాడట. వారం రోజుల మాత్రలతో తగ్గిపోయింది.

అందుకే చెబుతున్నాను. డాక్టర్ ట్రావెల్ అని అడిగితే అవును, కాదు అని ఊరుకోకండి. నెల రోజుల్లో ఎక్కడెక్కడ పడుకున్నారో, ఏ నీళ్లలో దిగారో అడగకపోయినా చెప్పండి. క్వామె ఒక్క వాక్యం చెప్పాడు. నేను ఒక్క మాట చెప్పాను, నో అని.